పాత యాంప్లిఫయర్‌ను మళ్లీ పాడించాలంటే

గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు మోసుకొచ్చిన సాన్సూయ్, పయనీర్ సెట్లు, మన దేశంలోనే తయారైన ఫిలిప్స్, కాస్మిక్, సోనోడైన్ యాంప్లిఫయర్లు ఆకివీడు, ఏలూరు వైపు ఇళ్లలో అటకెక్కి ఉన్నాయి. పాతసామాన్లవాళ్లకు అవి కిలోల లెక్కన వెళ్లిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. 1970, 80ల నాటి ఆ సెట్లలో చాలావాటికి ఇంకా ఆయుష్షుంది. ఏ భాగం పోయినా టంకం ఊడదీసి కొత్తది వేసుకునేలా చేసినవి అవి.

కిందికి దించగానే ప్లగ్గు పెట్టేయడమే అసలు ప్రమాదం. ముందుగా సెట్టు వెనక ఉన్న వోల్టేజీ మీట చూడండి. అది 110 దగ్గరుంటే 220కో 240కో మార్చాలి. జపాన్‌లో వాడుకకు చేసిన సెట్టయితే 100 వోల్టులదే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 తగిలితే కాలిపోతుంది.

ఆ తర్వాత రేడియో మెకానిక్కుల పాత పద్ధతి, సీరీస్ బల్బు. కరెంటు నేరుగా సెట్టుకు పోకుండా 60 లేదా 100 వాట్ల బల్బు గుండా పోయేలా వైరు కలుపుతారు. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. స్విచ్చి వేయగానే బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి, మెల్లగా ఎర్రబడి, మసకబారితే సెట్టు క్షేమం. అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉన్నట్టే, వెంటనే ఆపేయాలి. ఏళ్ల తరబడి వాడని కండెన్సర్లలో రేకు మీది ఆక్సైడ్ పొర పలచబడిపోతుంది. నిండు కరెంటు తగిలితే అవి ఉబ్బి పగిలిపోతాయి. బల్బు ఆ దెబ్బను తాను కాస్తుంది. మూత తీసే పనైతే మెకానిక్కే తీయాలి. ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో చార్జి నిలిచి ఉంటుంది.

స్పీకర్లు తగిలించేముందు ఆ టెర్మినల్స్ దగ్గర మీటరుతో డీసీ చూడాలి. 50 మిల్లీవోల్టుల లోపుంటే పరవాలేదు. వోల్టుల్లో చూపిస్తే స్పీకరు కాయిల్ మాడిపోతుంది. పాడేటప్పుడు గుయ్‌మని మోత వస్తుంటే ముందు ఎర్త్, తర్వాత ఫిల్టర్ కండెన్సర్లు అనుమానించాలి.

మన కొల్లేటి ప్రాంతంలో వీటికి పెద్ద శత్రువు చెమ్మ. ఒకవైపు సరస్సు, ఒకవైపు ఉప్పుటేరు, చుట్టూ చేపల చెరువులు. వాల్యూమ్ తిప్పితే గరగరమంటుందంటే లోపలి కాంటాక్టులు నల్లబడ్డాయన్నమాట. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాబ్‌ను అటూ ఇటూ పదే పదే తిప్పితే చాలు, నూనె మాత్రం వేయొద్దు. వానాకాలంలో వారానికోసారైనా గంటసేపు పాడించండి, ఆ వేడికే చెమ్మ పోతుంది. బల్లులు దూరకుండా చూసుకోండి. కానీ గాలి ఆడే కన్నాలు మూయకండి, మీద గుడ్డ కప్పి పాడించకండి. చెరువుల్లో ఏరేటర్లు తిరిగే వేళ కరెంటు ఎగుడుదిగుడయ్యే ఊళ్లలో స్టెబిలైజరు తప్పదు.

రికార్డులు వినేవాళ్లకు ఇంకో మాట. ఎల్‌పీ మీద గాడులు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. 1954లో అమెరికన్ కంపెనీలు ఒప్పుకొన్న ఆర్‌ఐఏఏ కొలత ప్రకారం ఫోనో సాకెట్ దాన్ని సరిచేస్తుంది. మాగ్నెటిక్ కాట్రిడ్జి ఉన్న ప్లేయరును ఆక్స్‌లో పెట్టి ఘంటసాల భగవద్గీత వింటే ఆ కంఠంలోని నిండుదనం పోయి, పీలగా, సన్నగా వినిపిస్తుంది. ఫోనోలో పెట్టి, ప్లేయరు ఎర్త్ వైరు కూడా తగిలిస్తే అదే గొంతు గదంతా నిండుతుంది.

సీరీస్ బల్బు వెలుగు చూసి రోగం చెప్పగల మెకానిక్కులు ఇప్పుడు పెద్దవాళ్లైపోయారు. మీ ఊళ్లో ఒకాయన ఉంటే సెట్టు ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఐటీఐ చదివే కుర్రాణ్ని కూడా వెంటబెట్టుకెళ్లండి.