ఎక్కడ ఆగాలో చెప్పే సూచనలు

కుబర్నెటిస్‌లో హారిజాంటల్ పాడ్ ఆటోస్కేలర్ అని ఒక చిన్న యంత్రాంగం ఉంది. మామూలు సెట్టింగుల్లో అది 15 సెకన్లకోసారి పాడ్ల (నడుస్తున్న అప్లికేషన్ నకళ్ల) మీద పడుతున్న లోడ్ చూసి, ఒక లెక్క వేసి, అవసరమైతే పాడ్ల సంఖ్య మారుస్తుంది. లెక్క బడిపిల్లలకు కూడా తెలిసేదే. ఇప్పటి వాడకాన్ని మనం కోరుకున్న వాడకంతో భాగించి, ఇప్పుడున్న పాడ్ల సంఖ్యతో గుణించి, భిన్నం మిగిలితే పై అంకెకు జరపడమే. నాలుగు పాడ్లున్నాయి, సీపీయూ వాడకం 50 శాతం ఉండాలనుకుంటే 90కి చేరింది. నాలుగును 1.8తో గుణిస్తే 7.2. అంటే ఎనిమిది పాడ్లు కావాలి.

అసలు పనితనం ఆ లెక్కకు కట్టిన పగ్గాల్లో కనిపిస్తుంది. నిష్పత్తి ఒకటికి అటూ ఇటూ 10 శాతం లోపే తేడాగా ఉంటే ఆటోస్కేలర్ కదలదు. పెంచేటప్పుడు జాప్యం చెయ్యదు. తగ్గించేటప్పుడు మాత్రం గడిచిన 300 సెకన్లలో తాను వేసుకున్న లెక్కలన్నీ తిరగేసి, వాటిలో పెద్ద సంఖ్యనే పాటిస్తుంది. ఏదైనా పాడ్ నుంచి కొలత అందకపోతే? తగ్గించే సందర్భమైతే ఆ పాడ్ మనం కోరుకున్నంత పనీ చేస్తోందనుకుంటుంది. పెంచే సందర్భమైతే అసలేమీ వాడటం లేదనుకుంటుంది. రెండు ఊహలూ ఒకదానికొకటి పొసగనట్టే అనిపిస్తాయి. కానీ రెండింటి ఫలితమూ ఒకటే: సమాచారం తక్కువైనప్పుడు కదలికా తక్కువే.

ఇంత జాగ్రత్త ఉన్నా, ఏ కొలతను నమ్మాలి, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత అన్నవి మాత్రం బయటివాళ్లు చెప్పాల్సిందే. ఇప్పుడు ఆ పనిని ఏఐ ఏజెంట్లకు అప్పగిస్తున్నారు. ఏజెంటు తనంతట తానే కమాండ్లు నడుపుతుంది, ఫైళ్లు దిద్దుతుంది. దానికి దారి చూపడానికి రాసేదే స్కిల్ ఫైలు. ఆంత్రోపిక్ 2025 అక్టోబరులో ప్రకటించిన పద్ధతిలో దీని అమరిక ముచ్చటగా ఉంటుంది. పైన పేరు, చిన్న వివరణ; కింద అసలు సూచనలు; అవసరమైతే పక్కన మరికొన్ని ఫైళ్లు, స్క్రిప్టులు. ఏజెంటు ముందుగా పేరూ వివరణా మాత్రమే చూస్తుంది. చేతిలో ఉన్న పనికి అవి సరిపోతాయనిపిస్తేనే లోపలి భాగం తెరుస్తుంది. కాబట్టి వివరణ సరిగా రాయకపోతే కింద ఎంత విద్య ఉన్నా వృథా.

మంచి స్కిల్ ఫైలు ఏజెంటుకు గుణకారం నేర్పదు, అది దానికి వచ్చు. ముందు ఏం చూడాలో వరసగా చెబుతుంది. మొదటిది, కొలత అసలు వస్తోందా? పాడ్‌కు సీపీయూ రిక్వెస్ట్, అంటే దానికి ఎంత సీపీయూ కావాలన్న అంకె, రాయకపోతే శాతం కట్టడానికి హారమే ఉండదు; ఆటోస్కేలర్ అంకె ఉండాల్సిన చోట 'అన్‌నోన్' అని చూపించి ఊరుకుంటుంది. రెండోది, ఇరుకు ఎక్కడుంది? జావా అప్లికేషన్లలో ఎక్కువగా వాడే హికారీ కనెక్షన్ పూల్, మనం ఏమీ మార్చకపోతే, ఒక్కో పాడ్‌కు 10 డేటాబేస్ కనెక్షన్లు తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా అనుమతించేవి 100. అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెడుతుంది. తొమ్మిది పాడ్లు హాయిగా నడుస్తాయి. పదో పాడ్‌కు ఏడు కనెక్షన్లే మిగులుతాయి. పదకొండోదానికి ఒక్కటీ ఉండదు. సైటు నెమ్మదించిందని పాడ్లు పెంచుకుంటూ పోయే ఏజెంటు ఇక్కడ ఉన్న ఇబ్బందినే పెంచుతుంది. ఇలాంటి చోట 'పెంచకు, ఆగి మనిషికి చెప్పు' అనే ఒక్క వాక్యం ఉండాలి.

మరి ఆ వాక్యం పనిచేస్తోందని తెలిసేదెలా? ఫైలు చదివి తల ఊపితే కుదరదు. ఒక ప్రయోగ క్లస్టర్ కట్టి, అందులో కావాలనే చిక్కు పెట్టాలి: సీపీయూ ఖాళీ, స్పందన ఆలస్యం, డేటాబేస్ నిండుగా. అదే పనిని స్కిల్ ఫైలుతో కొన్నిసార్లు, లేకుండా కొన్నిసార్లు చేయించాలి. ఒకే ఏజెంటు ఒకే పనిని ఈసారి ఒకలా, మరోసారి ఇంకోలా చేస్తుంది కాబట్టి ఒక్క విజయాన్ని నమ్మలేం. ఆపైన ఒక్కో వాక్యాన్నీ తీసేసి మళ్లీ నడపాలి. తీసినా ఫలితం మారకపోతే ఆ వాక్యం బరువే తప్ప బలం కాదు. సంబంధం లేని పనులూ ఇచ్చి చూడాలి. లాగిన్ పేజీ రంగు మార్చమంటే స్కేలింగ్ ఫైలు తెరుచుకోకూడదు.

'పని పూర్తయింది' అని ఏజెంటు రాసే నివేదికకు మార్కులు వెయ్యకూడదన్నది అందరికీ తెలిసిందే. క్లస్టర్‌లో చివరికి మిగిలిన స్థితిని చూడాలి. అయితే అదీ సరిపోని చోటు ఒకటుంది, నాకు భలే నచ్చినదీ అదే. డిప్లాయ్‌మెంట్ ఫైల్లో 'రెప్లికాస్: 3' అని ఉందనుకోండి. ఆటోస్కేలర్ పాడ్లను 12 దాకా తీసుకెళ్లాక ఎవరైనా ఆ ఫైలును మళ్లీ అప్లై చేస్తే పాడ్లు మూడుకు పడిపోతాయి. అందుకే ఆ పంక్తి తీసెయ్యమని కుబర్నెటిస్ పత్రాలే సలహా ఇస్తాయి. కానీ మామూలు పద్ధతిలో తీసేసి అప్లై చేస్తే, సంఖ్య చెప్పలేదు కనుక, ఒక్కసారికి అది డిఫాల్ట్ అయిన ఒకటికి దిగిపోవచ్చు. ఆటోస్కేలర్ గమనించి మళ్లీ పెంచుతుంది. డిఫాల్ట్‌గా 15 సెకన్లకు నాలుగు పాడ్లు లేదా ఉన్నవాటికి రెట్టింపు, వీటిలో ఏది ఎక్కువైతే అంత దాకా పెంచగలదు: ఒకటి నుంచి ఐదు, ఐదు నుంచి పది, ఆపైన పన్నెండు. చివరి స్థితి మాత్రమే చూసే పరీక్షకు అక్కడ పన్నెండు పాడ్లు కనిపిస్తాయి, ఏజెంటు పాసవుతుంది. మధ్యలో ఒక్క పాడ్ మీద మొత్తం జనం పడిన ఆ కాసేపు ఎక్కడా నమోదు కాదు.

కాబట్టి నిపుణులు కట్టిన పరీక్షలో పాడ్ల సంఖ్యను మొదటి నుంచి చివరి దాకా రాసుకుంటూ పోయే చిన్న కావలి స్క్రిప్టు ఉంటుంది. పని సాగుతున్నంతసేపూ ఏ క్షణంలోనైనా సంఖ్య 12 కన్నా తగ్గిందా అన్నదే దాని ప్రశ్న. స్కిల్ ఫైల్లో కూడా దానికి జవాబుగా సరైన మెలకువ ఉండాలి: ముందు క్లస్టర్ దాచుకున్న 'చివరిగా అప్లై చేసిన' ప్రతిలోంచి ఆ పంక్తి తీసెయ్యి, తర్వాతే ఫైల్లోంచి తీసెయ్యి. ఈ రెండింటి వరస తారుమారు చేసిన నకలు ఫైలును కూడా ఏజెంటుకిచ్చి నడిపి, పరీక్ష దాన్ని పట్టుకుంటుందో లేదో ముందే చూసుకుంటారు.