గొట్‌గొట్ కొరే...

ఖరగ్‌పూర్‌లో బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే తెలుగువాణ్ణి అంటే మనవైపు వాళ్లు నవ్వుతారు. రైల్వే పుణ్యమా అని ఆ ఊళ్లో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు, అందులో వింతేమీ లేదు. వింతంతా పాఠంలోనే, ముఖ్యంగా కాళ్ల విసురును చెప్పే క్రియల దగ్గర.

బెంగాలీలో తన్నితే 'లాథి మారా', తొక్కితే 'మాడానో'. ఎంత బరువుగా, ఎంత కోపంగా అన్నది పక్కన చేరే ధ్వని చెబుతుంది. అలిగి విసవిసా వెళ్లిపోయినవాణ్ణి 'గొట్‌గొట్ కొరే బేరియే గేలో' అంటారు. మెట్లమీద అడుగులు మోగితే 'ధుప్‌ధాప్'. మన విసవిసా, దబదబా చేసే పనే. ఇంగ్లీషు ఆ చప్పుడునీ కోపాన్నీ క్రియలోనే కూరేసింది. అందుకే నిఘంటువులో స్టాంప్, స్టొంప్, ట్రాంపుల్, ట్రెడ్ అన్నీ ఒకటేలా కనబడి పిల్లలు తికమకపడతారు.

నేను పుస్తకం మూయించి కాళ్లు ఆడిస్తాను. చెప్పింది విని ఒంటితో చేసి చూపడం, మాట్లాడటం ఆ తర్వాత: అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో ముందుకు తెచ్చిన పద్ధతి ఇది. చలికి కాళ్లు నేలకేసి కొట్టుకుంటే స్టాంప్. అమ్మ సినిమాకు వద్దందని దబదబా గదిలోకి పోతే స్టొంప్. దీన్ని నటించడానికి అందరూ సిద్ధమే. స్టొంప్ అనగానే క్రికెట్ స్టంప్ దగ్గరికి పరిగెత్తేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు.

ట్రాంపుల్‌కు నటన అక్కర్లేదు. దల్మా కొండల నుంచి ఏనుగుల మందలు పశ్చిమ మేదినీపూర్ పొలాల్లోకి దిగుతాయి. తిన్న వరికంటే తొక్కి పాడుచేసిన వరి గురించే రైతుల పిల్లలు ఎక్కువ చెబుతారు. ఆ చేను గురించి రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయిస్తే చాలు, ఆ క్రియ ఇక మరవరు. తొక్కిసలాట చావులకు బెంగాలీ పత్రికలు వాడే 'పదపిష్ట' కూడా అక్కడే గుర్తుచేస్తాను.

ట్రెడ్‌కు పక్కవాడి కాలు పొరపాటున తొక్కడం చాలు. తొక్కినవాడు వెంటనే వంగి దండం పెట్టుకుంటాడు, మనలాగే. అలాంటి పిల్లల చేత ఒకరినొకరు తన్నించి కిక్ నేర్పలేం. బంతి ఇస్తాను. కలకత్తా ఫుట్‌బాల్ జట్టు మోహన్‌బగాన్ 1911లో, ఒక్కరు తప్ప అందరూ ఉత్తికాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌పై 2-1తో ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన కథ వాళ్లే నాకు చెబుతారు.

ఇంగ్లీషు మాస్టార్లకు మనవి: ఈ క్రియలు చెప్పేరోజు అర్థాల పట్టిక పక్కన పెట్టి, బెంచీలు గోడవైపు జరిపించండి. పక్క తరగతి మాస్టారికి మాత్రం ముందే ఓ మాట చెప్పి ఉంచండి.