ఓడ మీంచి చూస్తే, ఒడ్డు మీంచి చూస్తే

మా పిన్ని కూతురు హ్యూస్టన్‌లో వుంటుంది. కిందటేడు పెళ్ళిరోజుకి దంపతులిద్దరూ కరీబియన్ సముద్రంలో ఏడు రాత్రుల ఓడ విహారం చేసి వచ్చారు. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు ఫోన్లో ఫోటోలు చూపించింది. నూటయాభై ఫోటోల్లో సముద్రం వున్నవి పట్టుమని పది లేవు. మిగతావన్నీ భోజనాల బల్లలు, పుచ్చకాయ చెక్కి చేసిన హంసలు, తువ్వాలు మడిచి మంచం మీద కూర్చోబెట్టిన ఏనుగు.

"అక్కా, ఏడు రోజులు గరిటె పట్టుకోలేదంటే నమ్ము! ఒక్క దుప్పటి మడవలేదు. వచ్చే ఏడు నువ్వూ బావగారూ కూడా రావాలి" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా తెల్లారగానే డికాషన్ దింపుతున్నదాన్ని. ఎవరో కాఫీ కలిపి చేతికిస్తానంటే ఏ ఆడదానికి చేదు? ఆ సరదాలోనే, ఇలాంటి ప్రయాణాల మీద ఎవరేం రాశారో చూద్దామని వెతికితే రెండు రచనలు చేతికొచ్చాయి. ఒకటి ఓడ మీంచి రాసింది. రెండోది ఒడ్డు మీంచి రాసింది.

మొదటిది అమెరికన్ రచయిత డేవిడ్ ఫాస్టర్ వాలస్‌ది. 1995 మార్చిలో 'హార్పర్స్' పత్రికవాళ్ళు ఖర్చు పెట్టుకుని, వెళ్ళి చూసి రాసుకురమ్మని అతన్ని ఓడెక్కించారు. ఆ వ్యాసం 1996 జనవరి సంచికలో వచ్చింది. మరుసటేడు 'ఎ సపోజ్‌డ్లీ ఫన్ థింగ్ ఐల్ నెవర్ డూ అగైన్' అనే సంపుటిలో చేరింది. అందరూ సరదా అంటారు గానీ నేను మాత్రం ఈ పని మళ్ళీ చెయ్యను, అని ఆ పేరుకి అర్థం. ఓడ అసలు పేరు జెనిత్, అంటే ఆకాశంలో సరిగ్గా మన నడినెత్తిన వుండే చోటు. ఇతగాడు దానికి నాడిర్ అని మారుపేరు పెట్టాడు. అంటే సరిగ్గా మన కాళ్ళకింద, అట్టడుగున వుండే చోటు. ఆ ఒక్క చమత్కారంతోనే మనిషి ధోరణి తెలిసిపోతుంది.

వ్యాసం నిండా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నోట్సు. మొదట్లో విసుగేసింది. నాలుగు పేజీలు దాటాక తెలిసింది, అసలు తమాషా అంతా ఆ అడుగునే వుందని. కడుపుబ్బ నవ్విస్తాడు. నవ్విస్తూనే దిగులు పుట్టిస్తాడు.

నన్ను పట్టేసినవి అందులో రెండు ఘట్టాలు. అతని గది సర్దే అమ్మాయి పేరు పెట్రా. ఇతను అరగంట మించి బయటికి వెళితే చాలు, తిరిగొచ్చేసరికి గది అద్దంలా వుంటుంది. అంతకంటే తక్కువసేపు వెళితే ఎక్కడివక్కడే వుంటాయి. తను ఎంతసేపట్లో వస్తాడో ఆ అమ్మాయికి ముందే ఎలా తెలుస్తోందని పరిశోధన మొదలెడతాడు పాపం. ఎంత తంటాలు పడ్డా అంతుపట్టదు.

ఇక్కడ నేను పుస్తకం మూసి నవ్వుకున్నాను. పెట్రా చేసిన మాయ మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే కదా! మంచం మీద పారేసిన తడి తువ్వాలు దండెం మీదికి ఎలా వెళ్ళిందని ఏ ఇంటాయనైనా ఎప్పుడన్నా పరిశోధించాడా? మనం పుట్టింటికి వెళ్ళిన నాలుగో రోజున గాని ఆ తువ్వాలుకి కాళ్ళు లేవని తెలిసిరాదు. ఆ ఓడవాళ్ళు అమ్ముతున్నది సముద్రాన్ని కాదు, మన చాకిరీనే, చేసేవాళ్ళ మొహం కనపడకుండా.

రెండో ఘట్టంలో నవ్వు లేదు. మొదటిరోజు తన సంచీ తనే మోసుకుంటూ గదికి వెళ్ళాడు వాలస్. అది మంచితనమే అనుకున్నాడు. ప్రయాణీకుడి చేత సంచీ మోయించినందుకు ఆ అంతస్తులో పనిచేసే లెబనాన్ కుర్రాడికి పైవాడు చీవాట్లు పెట్టాడు. ఆ పైవాడికి ఇంకా పైవాడు పెట్టాడు. అడ్డుకుంటే ప్రయాణీకుడి మాట కాదన్నందుకు తప్పు, ఊరుకుంటే సంచీ మోయనిచ్చినందుకు తప్పు. ఆ కుర్రాడు ఏం చెయ్యాలి? తన మంచితనం ఇంకొకడి మెడకి చుట్టుకుందని వాలస్ పడ్డ మథన చదివితే కళ్ళు చెమ్మగిల్లాయి.

అయినా ఈ రచయితతో నాకో పేచీ వుంది. రేవు వచ్చినప్పుడు చాలావరకు అతను ఓడ దిగడు. కొజుమెల్ రేవులో పైఅంతస్తు మీంచి, బీద వూళ్ళోకి దిగుతున్న తోటి అమెరికన్లని చూసి సిగ్గుపడతాడు. సిగ్గు మంచిదే. కానీ ఆ వూరివాళ్ళు అతనికి చీమల్లా కనపడుతూనే వుంటారు. పెట్రా కూడా చిరునవ్వు దాటి మనిషి కాలేదు.

ఆ లోటు తీర్చింది జమైకా కిన్‌కెయిడ్. ఈమె పుట్టింది 1949లో, కరీబియన్‌లోని ఆంటిగ్వా ద్వీపంలో. యౌవనంలో అడుగుపెడుతూండగానే అమెరికాలో ఒకరింట పిల్లల్ని చూసుకునే పనికి కుదిరింది. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా రాసుకోవడానికి పేరు మార్చుకుంది. ఆడవాళ్ళ రాతకి ఎక్కడైనా ఇవే తిప్పలన్నమాట! ఆమె 'ఎ స్మాల్ ప్లేస్' 1988లో వచ్చింది. వందపేజీలైనా లేని పుస్తకం. ఇందులో యాత్రికుడు ఓడలో కాదు, విమానంలో దిగుతాడు. అయితేనేం, రచయిత్రి అతన్ని 'నువ్వు' అని పిలుస్తుంది. చదువుతున్న మనమే ఆ 'నువ్వు'. తప్పించుకోవడానికి వీల్లేదు.

'నువ్వు' వానలు తక్కువని, ఎండ బావుంటుందని ఆంటిగ్వాకి వచ్చావు. వాన పడని చోట మంచినీళ్ళ మాటేమిటని నీకు తట్టలేదు. ఇదీ ఆమె చెప్పే వరస. కుళాయి దగ్గర బిందె వరసలో పెట్టి నిలబడ్డ మనకి ఈ మాట వేరే విప్పి చెప్పాలా? 1974 భూకంపంలో దెబ్బతిన్న గ్రంథాలయానికి మరమ్మతులు చెయ్యాల్సి వుందని తగిలించిన బోర్డు, పదేళ్ళు దాటినా అలాగే వుందని రాస్తుంది. ఆంటిగ్వాకి 1981లో స్వాతంత్ర్యం వచ్చింది కాబట్టి తప్పంతా తెల్లవాళ్ళదేనని తప్పుకోదు. సొంత ప్రభుత్వాన్నీ అదే చేత్తో వాయిస్తుంది.

ఈమెతోనూ నాకు పూర్తిగా ఏకీభావం లేదు. ఏళ్ళతరబడి రూపాయి రూపాయి కూడబెట్టి బయల్దేరిన బడిపంతులమ్మనీ, కోటీశ్వరుణ్ణీ ఒకే చెర్నాకోలతో కొడుతుంది. కోపం రచనకి బలమే గానీ, కొన్నిచోట్ల ఆ కోపం ఎదుటిమనిషిని చూడనివ్వదు. అయినా రెంటిలో ఏది ముందు చదవమంటావని అడిగితే ఈమెదే అంటాను. వాలస్ తన మనసుని తవ్వుకుంటాడు. కిన్‌కెయిడ్ మన కళ్ళని తిప్పి ఒడ్డున నిలబెడుతుంది.

ఇవి పాత పుస్తకాలు కదా అనకండి. 2024 జనవరిలో బయల్దేరిన 'ఐకన్ ఆఫ్ ద సీస్' అనే ఓడలో ఏడువేలమందికి పైగా ప్రయాణీకులు పడతారు. ఆంటిగ్వా, బార్బుడా దేశం మొత్తానికి జనాభా లక్షకి అటూ ఇటూ. అలాంటి ఓడ ఒక చిన్న రేవులో పొద్దున ఆగి సాయంత్రం కదిలిపోతే ఆ వూరికి మిగిలేదేమిటో, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే అర్థమౌతుంది. రావలసిన మూడో పుస్తకం ఒకటుంది. అది పెట్రా రాయాలి.

మొన్న ఆదివారం మా చెల్లెలు ఫోన్ చేసింది. "ఏమాలోచించావక్కా? టిక్కెట్లు తీసేయనా?"

"వుండవే. నా పక్క నేనే వేసుకుంటానని వద్దామంటే, దానికీ ఎవరో చీవాట్లు తింటారట. సరేగాని, మీ మంచం మీద ఏనుగుని చేసి పెట్టిన మనిషి పేరేమిటి?"

అవతల కాసేపు మాట లేదు. "ఫిలిప్పీన్స్ అబ్బాయక్కా. రోజూ నవ్వుతూ పలకరించేవాడు. పేరు... చొక్కాకి బిళ్ళ వుండేది" అంది.

మర్నాడు మెసేజి పెట్టింది. పేరు వాళ్ళాయనకీ గుర్తు లేదట. ఆ అబ్బాయికి ఇద్దరు ఆడపిల్లలని, చిన్నదాన్ని ఏడునెలలుగా చూడలేదని మాత్రం చెప్పాడట.