అంతర్యుద్ధమున పదార్థవిపర్యయము

పరరాజు దండెత్తి వచ్చినపుడు వేషభాషలే శత్రువును బట్టియిచ్చును. అంతర్యుద్ధమున నట్లు గాదు. ఇరువాగులవారును నొక్క నేలవారే, ఒకరి మాట యొకరెఱిగినవారే. అచ్చట భేదము పదమునందు గాక పదార్థమునందు బొడసూపును. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణమున జరిగిన సాయుధపోరాట మిందులకు లక్ష్యము.

మొదట 'రజాకారు' పదము నరయవలెను. 'రజా' యనునది అరబీ పదము. ఇష్టము, సమ్మతి యని యర్థము. 'కార్' పారసీకము, చేయువాడని యర్థము. తన యిష్టముచే బనిచేయువాడు, అనగా స్వచ్ఛందసేవకుడని యవయవార్థము. ఖాసిం రజ్వీ నాయకత్వమున గూడిన దండున కిది పేరైనది. పల్లెలు కాలిన పిదప నవయవార్థము నశించి, దోచువాడు, ఇండ్లు తగులబెట్టువాడు నను రూఢ్యర్థ మేర్పడినది. రూఢి యోగమును హరించునను న్యాయమున కింతకంటె క్రూరమైన యుదాహరణము దొరకుట యరుదు.

'సంఘము' గతి వేఱు. సమ్‌పూర్వకమగు హన్‌ధాతువునుండి గణార్థమున దీనిని పాణిని నిపాతించెను. 1944లో రావి నారాయణరెడ్డి యధ్యక్షతను భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగిన పిదప, పల్లీయు లా పెద్దపేరు విడిచి 'సంఘ' మనిరి. వారి వాడుకలో నది వెట్టిని మాన్పించునది. 'వెట్టి' సంస్కృత 'విష్టి' శబ్దభవము. అమరసింహుడు విష్టిని నరకవర్గమున జేర్చుట గమనింపదగినది. వెట్టి చేసినవాని కా వర్గనిర్ణయమునకు వ్యాఖ్య యక్కఱలేదు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప బోరు ముదిరినది; సంఘమునుండి 'దళము' పుట్టినది. దలధాతువునకు విశరణ మర్థము. దళమన రేకు, ఖండము. కూడి నిలుచుటకు సంఘము, చీలి పొంచుటకు దళము. ఆర్మూరు పసుపు అంగడిలో వినబడు 'దళారి'కిని దీనికిని జుట్టఱికము లేదు. అది అరబీ 'దల్లాల్' శబ్దభవము. చేనిలో బిట్టలను దోలు వడిసెలయు నాయుధముల పట్టికలో జేరినది.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము నిజాము రాజ్యమున బ్రవేశించెను. 17న నిజాము లొంగెను. సైన్యము చేసినదానికి 'పోలీసు చర్య' యని పేరిడుటచే నిది పరరాజ్యముతోడి యుద్ధము గాదని సూచితమైనది. పిదప నా సైన్యమే దళములపై దిరిగినది. 1951 అక్టోబరున బోరాటము విరమింపబడినది. రజాకార్లబారినుండి బ్రదికిన యూరి కా మాట విమోచనార్థకము. దళమున కన్నము పెట్టిన యూరికి దండనార్థకము. అనేకార్థపదమునకు బ్రకరణము నిర్ణాయకమని శాస్త్రము. ఇచ్చట నూరే ప్రకరణము.

ఆర్మూరున్న నిజామాబాదు జిల్లా పోరునకు బ్రధానరంగము గాదు. అది నల్లగొండ, వరంగల్లు జిల్లాలది. అయినను దాశరథియు, వట్టికోట ఆళ్వారుస్వామియు నిజామాబాదు చెఱలోనే యుండిరి. దాశరథి 'అగ్నిధార' (1949) క్రోధమునకు సంస్కృతసమాసగాంభీర్య మొసగినది. ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' పోరునకు ముందటి పల్లెమాటను బదిలపఱచినది. మొదటిది వీరరసమునకు, రెండవది పదచరిత్రకు నాధారము. ఒకటి చదివి రెండవదానిని విడుచువాడు సగమే యెఱుగును.

అన్యదేశ్యములని, గ్రామ్యములని యీ పదములను బాఠశాలలనుండి తొలగించుట తగదు. రజాకారున కవయవార్థము మాత్రమే వ్రాయు నిఘంటువు దోచినవానిని సేవకుడని బాలురకు నేర్పును. కోశకారుడు రూఢ్యర్థమును, అది పుట్టిన యేటిని గూడ జూపవలెను. అపుడే యాపదము వలన జచ్చినవారికి గోశమున జోటు దొరకును.