డిగ్రీ పరిశోధన: బొబ్బిలి అడగని ప్రశ్నలు

మన విమర్శకులు కథను చూస్తారు, కవితను చూస్తారు, పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం అచ్చయితే దానిమీదా నాలుగు మాటలు రాస్తారు. డిగ్రీ కాలేజీ విద్యార్థి స్పైరల్ బైండింగు చేయించి అప్పగించే ప్రాజెక్టు రిపోర్టును మాత్రం సాహిత్య విమర్శకు పనికొచ్చే వస్తువుగా ఎవరూ గుర్తించినట్టు లేదు. కూలి ఇంట్లోంచి, చిన్న రైతు ఇంట్లోంచి మొట్టమొదట కాలేజీ మెట్లెక్కిన పిల్లలు తమ ఊరి గురించి తమ పేరుతో రాసే తొలి వచనం చాలాసార్లు అదే. దాన్ని పక్కన పెట్టి ఉత్తరాంధ్ర రేపటి వచనం ఎలా ఉండబోతోందని చర్చించడం నేల విడిచి సాము చేయడమే.

ఈ రిపోర్టులు వెల్లువెత్తడానికి కారణాలు తెలిసినవే. 2020–21 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో సామాజిక సేవా ప్రాజెక్టును, మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను ప్రవేశపెట్టారు. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన చట్రం నాలుగేళ్ల ఆనర్స్‌ను ముందుకు తెచ్చింది. అందులో పరిశోధనతో కూడిన ఆనర్స్ పట్టా కావాలంటే నాలుగో ఏడాది 12 క్రెడిట్ల పరిశోధన చేయాలి. ఆ దారి పట్టాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకోవాలి. అమెరికాలో ప్రిన్స్‌టన్ వంటి చోట డిగ్రీ చివరి ఏడాది విద్యార్థిచేత సిద్ధాంత వ్యాసం రాయించే ఆనవాయితీ 1920ల నుంచీ ఉంది. అలాంటిది మన పిల్లలకూ అందితే మంచిదే. పిల్లలకు ఇప్పటికి అందినది అట్ట మాత్రమే అని నా ఫిర్యాదు.

బొబ్బిలి చుట్టుపక్కల పిల్లల రిపోర్టులు కొన్ని చదివాను. చరిత్ర అయినా, కామర్సు అయినా, వృక్షశాస్త్రమైనా రూపం ఒక్కటే. ముందు కృతజ్ఞతలు, ఆ తరువాత లక్ష్యాలు, పద్ధతి, పట్టికలు, చివర సూచనలు. ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలన్న సూచన తప్పదు. ఏ చర్య, దానివల్ల ఎవరి చేతిలోది ఎవరి చేతికి పోతుంది అన్న ఊసుండదు. రాసిన మనిషి ఏ పేజీలోనూ కనబడడు. రూపవాదం కవిత్వానికి మాత్రమే పట్టిన జబ్బని అనుకునే మిత్రులు వీటిని ఒకసారి తిరగేయాలి.

గొల్లపల్లి వీణల సంగతే తీసుకుందాం. బొబ్బిలి విద్యార్థికి చేతికందే దూరంలో ఉన్న వస్తువు. పనస మొద్దును ఒకే ముక్కగా తొలిచి చేసే ఏకాండి వీణ. 24 మెట్లు, ఏడు తీగలు. పని సర్వసిద్ధి కులస్థులది. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రిపోర్టు ఇంతవరకూ చెప్పి, ఈ ప్రాచీన కళను కాపాడుకోవాలని ముగుస్తుంది. అసలు పరిశోధన మొదలవాల్సిన చోట అట్ట మూసేస్తారు. సభల్లో అతిథుల చేతికిచ్చే బొమ్మ వీణలకు గిరాకీ పెరిగి, వాయించే వీణ వెనక్కి తగ్గినప్పుడు పనివాడి నేర్పు ఏమవుతోంది? నాదం కోసం చెవి పెట్టి చేసే పని, బీరువాలో పెట్టుకునే అలంకారం చెక్కే పనిగా మారుతోందా? ఒక్కో వీణకు ఎన్ని పనిదినాలు, ఎంత కర్ర, ఎంత మైనం, కొన్నవాడు ఇచ్చిన డబ్బులో చేసినవాడికి దక్కిందెంత? కామర్సు విద్యార్థి ఈ లెక్క నిజాయితీగా కడితే మనం రాస్తున్న చాలా కథలకంటే బలమైన వచనం వస్తుంది. కర్ర ఏ ఊళ్లనుంచి వస్తోంది, ఎన్నేళ్ల చెట్టు కావాలి, కొట్టిన చోట మళ్లీ నాటుతున్నారా అన్నది వృక్షశాస్త్రం వాళ్లు అడగాల్సిన మాట.

భౌతికశాస్త్రానికి ఇక్కడేం పని అంటారేమో. విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్ 1906లో, ఇంకా ఎం.ఏ. విద్యార్థిగా ఉండగానే, తొలి పరిశోధన పత్రం అచ్చువేశాడు. 1921లో ఆయన వీణ మీదా తంబురా మీదా పనిచేశాడు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే అక్కడ నిశ్చలంగా ఉండే ఉపస్వరాలు పలకవని పాశ్చాత్య సూత్రం. వెడల్పాటి, వంపు తిరిగిన గుర్రం ఉన్న మన వాద్యాల్లో అవీ పలుకుతాయని రామన్ చూపించాడు. ఆ గుర్రాన్ని ఆకురాయితో అరగదీసి అమర్చే మనిషి గొల్లపల్లిలోనే ఉంటాడు. ఎంతవరకు అరగదీయాలో ఆయనకెలా తెలుసు? డిగ్రీ విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రశ్న ఏ పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది?

బొబ్బిలి యుద్ధం దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకా లోతు. 1757 జనవరి 24 నాటి ఆ యుద్ధాన్ని ఇక్కడి చరిత్ర విద్యార్థి తప్పించుకోలేడు, ఎత్తుకుంటే బుర్రకథలోకి జారిపోతాడు. తాండ్ర పాపారాయుడి కత్తి వెలుగులో మిగతావేవీ కనబడవు. ఆధారాలకు కొరత లేదు. రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషువాడు తన సైనిక చరిత్రలో ఈ ఘట్టాన్ని రాశాడు. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము ఉంది, పెద్దాడ మల్లేశం యుద్ధకథ ఉంది, వేదం వెంకటరాయశాస్త్రి నాటకం ఉంది, 1964 నాటి సినిమా ఉండనే ఉంది. వీటిని పక్కపక్కన పెట్టి, ఎవరు ఎవరికోసం ఏం దాచారో చూడటం ఒక డిగ్రీ పరిశోధనకు సరిపోయే పని. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో తెచ్చిన గ్రంథం బొబ్బిలిని ముఖ్య ఉదాహరణగా తీసుకుని, మన కథకుల్లోనూ చరిత్ర స్పృహ ఉందని వాదించింది. ఆ వాదం విలువైనదే. అయితే ఆ స్పృహ ఏ వర్గానిదన్న ప్రశ్న మిగిలే ఉంది. కోట కూలే వేళ లోపలి ఆడవాళ్లను, పిల్లలను సొంత మనుషులే చంపారు. ఈ సంగతి ఇంగ్లీషువాడూ రాశాడు, కథగాడూ పాడాడు. పరువు కోసం జరిగిన త్యాగంగానే అది మన దాకా వచ్చింది. బుస్సీ ఫిరంగులు నడిచిన పొలాలు ఎవరివి? రెండు సంస్థానాల పగకు గింజలు పెట్టిన రైతు ఆ ఏడాది ఏం తిన్నాడు? ఆధారాలు దొరక్కపోవచ్చు, దొరకలేదని రాసినా అది పరిశోధనే. అడక్కుండా పద్యాలు ఎత్తిరాయడం మాత్రం పరిశోధన కాదు.

మనకు ఆదర్శాలు లేకపోలేదు. కన్యాశుల్కం తొలి కూర్పుకు గురజాడ రాసిన ఇంగ్లీషు పీఠిక ఉంది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితాను మహారాజా తయారుచేయించారు. మూడేళ్ల లెక్క అందులో 1,034. వధువుల్లో 99 మంది అయిదేళ్ల పిల్లలు, ముగ్గురికి ఏడాది వయసు. ఈ అంకెలు ఇచ్చి ఊరుకోకుండా, డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు గనుక జాబితా సమగ్రం కాదని కూడా గురజాడ హెచ్చరించాడు. ఆధారాన్ని వాడుకుంటూనే శంకించే ఈ చూపు మన రిపోర్టుల 'పద్ధతి' అధ్యాయంలో ఎక్కడా కనబడదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలనే గురువులుగా పెట్టుకుని వాళ్ల భాష నేర్చిన గిడుగు రామమూర్తి సంగతీ అంతే. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం వెనక ఏ క్రెడిట్లూ లేవు.

అయితే తప్పు పిల్లలమీద వేసి చేతులు దులుపుకోవడం అన్యాయం. నాలుగో ఏడాది కాలేజీలో ఉండటమంటే కూలి ఇంటికి ఒక ఏడాది సంపాదన పోవడం. 75 శాతం గీత చూడటానికి అందరికీ ఒకటే. సెలవుల్లో నాట్లకు వెళ్లే పిల్లకూ, ట్యూషన్‌కు వెళ్లే పిల్లకూ అది ఒకే ఎత్తున ఉండదు. ఇవి దాటి వచ్చినవాళ్లకు భాష అడ్డం. పనివాడితో బొబ్బిలి తెలుగులో మాట్లాడి, ఆ మాటను రానిరాని ఇంగ్లీషులోకి మార్చి రాసేసరికి, అతను చెప్పినదాంట్లో ప్రాణమున్న మాటే ముందు రాలిపోతుంది. పనిముట్ల పేర్లు కూడా పోతాయి. ఆ పేర్లే ఒక భాషాశాస్త్ర విద్యార్థికి ఏడాది పని.

కనుక మన సంఘం శాఖలు చేయగలిగింది ఒకటుంది. రిపోర్టును తెలుగులో కూడా రాయించాలని కాలేజీలను అడగాలి. మౌఖిక పరీక్ష గదిలో జరిగేది జరగనివ్వండి. వీణల మీద రాసిన రిపోర్టును మాత్రం గొల్లపల్లిలో, చేసేవాళ్ల ముందు చదివించాలి. లెక్క తప్పితే వాళ్లే ఆపి చెబుతారు.