ఖడ్గము పట్టని రాజు

2025వ సంవత్సరపు శుభ శుక్రవారమున మనదేశమున తెలుగు మాటలతోను విడుదలయిన ‘ద కింగ్ ఆఫ్ కింగ్స్’ అను బొమ్మల చలనచిత్రమును క్రైస్తవ గృహస్థులు పిల్లలకు చూపదగునా? చూపదగుననియే మా యభిప్రాయము; కాని చూపి యూరకుండరాదు.

ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్సు తన బిడ్డలకొఱకే వ్రాసి, ప్రకటింపవలదనగా 1934 వఱకు అచ్చుకాని క్రీస్తుచరిత్రము దీనికి మూలము. దక్షిణ కొరియావాడగు జాంగ్ సోంగ్-హో దీని దర్శకుడు. ఆర్థరు రాజు ఖడ్గముపై మోజుగల కుమారునకు, ఖడ్గము పట్టని రాజుకథను తండ్రి చెప్పును. ఈ కల్పన మిక్కిలి యుక్తము. రుద్రమదేవి శౌర్యమును విని, ఓరుగల్లు కోటలో నాడుకొను మా బిడ్డలకును రాజనగా కత్తియే కదా తోచునది!

లోపమొకటి కలదు. రెండుగంటలు నిండని చిత్రమున అద్భుతములు వెంటవెంట వచ్చుటచే బోధలు మనస్సున నిలుచుటకు వ్యవధి చాలదు. నీటిపై నడచుటను మెచ్చిన బాలుడు, శత్రువును క్షమించుటను మఱచి యిల్లు చేరవచ్చును.

ఆ లోపమును తీర్పవలసినవారు తలిదండ్రులే. ఇంటికొఱకు పుట్టిన కథ యిది. చిత్రము చూచిన రాత్రియే సువార్త తెఱచి, బిడ్డను చెంత గూర్చుండబెట్టి, తెరపై త్వరగా గడచినదానిని మెల్లగా చదివి వినిపింపుడు. అప్పుడే టిక్కెట్టు సొమ్ము సార్థకము.