గన్నారెడ్డి పెళ్లి, ఖైరున్నీసా ప్రేమ

2015లో ‘రుద్రమదేవి’ సినిమా వచ్చినప్పుడు గచ్చిబౌలిలో మా ఆఫీసు క్యాంటీన్ నిండా గోన గన్నారెడ్డి కబుర్లే. అల్లు అర్జున్ డైలాగులు అందరికీ నోటికొచ్చేశాయి. ఆ ఊపులోనే అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ కొని చదివాను. నిరాశపడ్డాను.

ఎత్తుగడ మాత్రం అదిరింది. పెళ్లికొడుకునే గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. ఇక పుస్తకం కింద పెట్టలేం అనుకుంటాం. బాపిరాజు చిత్రకారుడు కదా, నగలూ చీరలూ కోటబురుజులూ కళ్లకు కట్టిస్తాడు. చిక్కల్లా ఆ బొమ్మల్లోని మనుషులతోనే. గజదొంగ అనిపించుకున్నవాడు లోలోపల రుద్రమ పక్షమే. నాయిక అన్నాంబిక మనసు పడ్డవాడితోనే ఆమెకు పెళ్లవుతుంది. ఎవరి ప్రేమా ఎవరి కొంపా ముంచదు. తారీఖుల తప్పులతో నాకు పేచీ లేదు, నవలకు ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలి. 1294 నాటి రాయచూరు కోట శాసనంలో పేరున్న అసలు గన్నారెడ్డి కంటే ఈ కాగితపు గన్నారెడ్డి పలచగా ఉన్నాడన్నదే నా గోడు.

ఆ తర్వాత విలియం డాల్రింపుల్ ‘వైట్ మొఘల్స్’ చదివాను. 2002లో వచ్చిన ఈ పుస్తకం నవల కాదు, చరిత్ర. బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్ పెద్దింటి పిల్ల ఖైరున్నీసాను పెళ్లాడాడు. దానిమీద కంపెనీవాళ్లు విచారణ జరిపారు, ఉద్యోగానికే ముప్పొచ్చింది. 1805లో ఐదేళ్లు నిండని కొడుకునీ మూడేళ్ల కూతుర్నీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. ఆ తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. అదే ఏడు అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. భర్త కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకు దగ్గరయ్యాడు, ఆపైన వదిలేశాడు. హైదరాబాద్‌లో అడుగుపెట్టనివ్వకపోతే మచిలీపట్నంలో తలదాచుకుంది. ఆమె ఆ సముద్రపు ఒడ్డున ఉండగానే రస్సెల్ మద్రాసులో ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. 1813లో ఆమె పోయేనాటికి ముప్ఫై ఏళ్లు కూడా లేవు.

ప్రేమకు చెల్లించాల్సిన మూల్యం అంటే ఇదీ. బాపిరాజు నవలలో నేను వెతికి, దొరక్క విసుగెత్తింది దీనికోసమే. ఊహకు హద్దుల్లేని నవలాకారుడు వధూవరుల్ని అక్షింతలతో పంపించేస్తే, కాగితాలు దాటి అడుగెయ్యకూడని చరిత్రకారుడు ఆ తర్వాత ఏమైందో చివరిదాకా చెప్పాడు.

అలాగని డాల్రింపుల్‌కి నూటికి నూరు మార్కులు వేయను. సంధులూ దర్బారు ఎత్తులూ పేజీలకు పేజీలు తినేశాయి. పైగా ఖైరున్నీసా గురించి మనకు తెలిసేదంతా దాదాపుగా ఇతరుల ఉత్తరాల నుంచే. మచిలీపట్నంలో ఆమె ఏమనుకుందో ఆ కాగితాలు చెప్పవు.

రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైను మారితే కోఠిలో దిగొచ్చు. మహిళా కళాశాలగా మనకు తెలిసిన ఆవరణలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఉంది. పరదా దాటి రాలేని ఖైరున్నీసా చూడ్డానికని దానికి బుల్లి నమూనా కూడా కట్టించాడని చెప్పుకుంటారు. 1944 నుంచి ‘మీజాన్’ పత్రిక సంపాదకుడిగా ఈ ఊళ్లోనే ఉన్న బాపిరాజు చెవిన ఈ కథ పడిందో లేదో గాని, ఆయన రాయలేదు. ఆ మచిలీపట్నం ఏళ్లను తెలుగులో ఎవరైనా నవలగా రాయండి. చివర్లో పెళ్లి మాత్రం పెట్టకండి.